మాట పూర్తయ్యేదాకా

"పెట్టె తర్వాత సర్దుకోవచ్చుగానీ, ముందు కాస్త టీ పెట్టమ్మా. నువ్వెళ్లినప్పట్నుంచీ ఈ ఇంట్లో టీ టీలాగా లేదు," అంది అత్తగారు. పరాయి దేశంలో బడులు చూసి అప్పుడే దిగిన టీచరమ్మ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడిచింది. సింకు నిండా గిన్నెలు ఆమె కోసమే కాచుకుని ఉన్నాయి. పొయ్యి మీద నీళ్లు పెడుతూ, "పాప ఏదండీ?" అని అడిగింది.

"హాస్టలున్న బళ్లో చేర్చాం," అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. "అక్కడ ఇలాంటి పిల్లలకి వేరేగా నేర్పుతారట. అందరం కూర్చుని ఆలోచించే చేశాం. దూరాన ఉండి బెంగపెట్టుకుంటావని నీకు చెప్పలేదు."

అందరూ అంటే ఆయనా, వాళ్లమ్మా, బావగారూ. ఆ అందరిలో కన్నతల్లి లేదు, పాప అసలే లేదు. పాపకి మాట తడబడుతుంది. ఒక్కో మాట పెదవి దాటడానికి బోలెడంత సేపు పడుతుంది. "నేను..." అని మొదలుపెట్టింది టీచరమ్మ. "ఒప్పుకోవని తెలుసులే, అందుకే నువ్వు లేనప్పుడు కానిచ్చేశాం," అని ఆయనే పూర్తిచేశాడు. ఆమె మాటని ఆయన పూర్తిచేయడం పెళ్లయిన కొత్తలో ముద్దుగానే ఉండేది. మనసెరిగిన మనిషి దొరికాడని మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం! ఇప్పుడు మాత్రం ఆయన మొహం చూడకుండా టీ వడకట్టి ఇచ్చింది.

మర్నాడు బళ్లో హెడ్మాస్టరు నవ్వుతూ పలకరించాడు. "చూసొచ్చిందంతా రాసివ్వండి మేడం. మీటింగులో లెక్కల మాస్టారు చెప్తారు. ఆయనది కంచు కంఠం కదా." విమానం ఎక్కింది ఈమె, ఉపన్యాసం ఆయనది. కాదనే ఓపిక లేక స్టాఫ్ రూములో కాగితం ముందు కూర్చుంది. పరాయి దేశంలో చూసిన ఓ సభ కళ్లముందు మెదిలింది. అక్కడి బళ్లో ఆటస్థలంలో ఏం పెట్టాలో తేల్చడానికి పిల్లలే సభ పెట్టుకున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న ఓ చిన్నపిల్ల ఎత్తిన చెయ్యి దించకుండా మాట కోసం తంటాలు పడుతోంది. జాలేసి, "తనకి ఊయల కావాలట," అని ఈమె అందించేసింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది. పిల్లలంతా కిక్కురుమనకుండా ఆగారు. చివరికి తేలిందేమిటంటే, ఊయల వద్దట, అందులో ఒక్కళ్లే కూర్చోవాలట, అందరూ చుట్టూ చేరి ఆడుకునే బల్ల కావాలట. పిల్లలు చేతులెత్తి బల్లకే ఓటేశారు. సిగ్గుతో చచ్చిపోయింది టీచరమ్మ. ఇంట్లో తన కూతురి నోట్లో మాటలు పెట్టింది అందరికన్నా ఎక్కువ తనే. ప్రేమతోనే, కానీ పెట్టింది.

ఆదివారం హాస్టలుకి బయల్దేరేటప్పుడు పాప బట్టల కోసం ఖాళీ సంచీ ఒకటి తీసుకుంది. ఎవరేమన్నా సరే, బిడ్డని వెంటపెట్టుకునే రావాలి. "దాన్నే అడుగు," అన్నాడు వెంట బయల్దేరిన భర్త, ఎలాగూ తను చెప్పినదానికి సరేననే పిల్లే కదా అన్న ధీమాతో.

హాస్టలు వరండాలో బెంచీ మీద పాప వచ్చి అమ్మ ఒళ్లో ఒదిగి కూర్చుంది. కాస్త చిక్కింది. "ఇంటికొచ్చేస్తావా బంగారం?" అని అడిగింది టీచరమ్మ.

"నే... నేను..."

వస్తానంటోంది అన్న మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. పళ్లు బిగపట్టి మింగేసింది. భర్త గడియారం చూసుకున్నాడు. ఆమె కదల్లేదు.

"నేను... ఇక్కడే... ఉంటానమ్మా."

టీచరమ్మ కళ్లలోంచి నీళ్లు జారాయి. ఖాళీ సంచీని నలిపేస్తూ, "ఎందుకు తల్లీ?" అంది.

"ఇక్కడ... నా మాట... అయ్యేదాకా... ఆగుతారు." తల్లి చెంపలు పాప తుడిచింది. "ఇంట్లో... నిన్ను కూడా... ఎవరూ... ఆగి... వినరు కదమ్మా."

భర్త పెద్దగా నవ్వాడు. "భలేదానివే! మీ అమ్మకేం తక్కువ చేశాం? మీ అమ్మ ఏమంటుందంటే..."

"ఆగండి," అంది ఆమె. "నేనింకా ఏమీ అనలేదు."