ఎండబల్ల

ఆ అపార్ట్‌మెంటు గేటు పక్కనున్న ఇనప బల్లను చూస్తేనే లెక్కల టీచరుకి ఒళ్ళు మండేది. లాక్‌డౌన్ మొదలైన కొత్తల్లో అసోసియేషన్ ప్రెసిడెంటు దాన్ని మేడ మీది నుంచి దింపించి, రోజంతా ఎండ పడే చోటు వెతికి మరీ వేయించాడు. బయటి నుంచి వచ్చే ప్రతి పార్సిలూ విప్పి దాని మీద ఆరబెట్టాలి, క్రిములు చచ్చే మందు కొట్టాలి. పొద్దు వాలాక వాచ్‌మన్ తెచ్చి ఎవరి గుమ్మంలో వాళ్ళది పెడతాడు. ఈలోగా ఎవరైనా కిందికి దిగి తమ వస్తువు తాము తీసుకున్నారో, ప్రెసిడెంటు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వాళ్ళ ఫ్లాటు నంబరు పెట్టి మరీ కడిగేసేవాడు. డెలివరీ మనుషులు గేటు దాటడానికి వీల్లేదు. మంచినీళ్ళు అడిగినా బయటే నిలబడాలి.

జనం నవ్వుకుంటూనే సర్దుకుపోయారు. పాలు విరిగి వచ్చేవి. ఆకుకూరలు తాళ్ళలా వడిలి వచ్చేవి. పై అంతస్తులో ఎవరో పిల్లవాడి పుట్టినరోజుకి కేకు తెప్పిస్తే దాన్ని చెంచాలతో జుర్రుకోవలసి వచ్చింది. "మనింటికొచ్చే ప్రతి వస్తువూ వడదెబ్బ తిని వస్తోందే అమ్మాయ్," అని అత్తగారు మంచం మీంచి అంటే టీచరు కూడా పడీపడీ నవ్వింది. ప్రెసిడెంటు చెడ్డవాడేమీ కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు దులిపి ఊరుకోవచ్చు. మన మంచి కోరి మన ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణి ఏం చేస్తాం?

అత్తగారికి పూటపూటా ఇన్సులిన్ సూది పడాలి. టీచరు భర్త ఉద్యోగం పని మీద వేరే ఊరు వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. వీధి చివర మందుల దుకాణం మూతపడింది. ఇక ఫోన్లో తెప్పించుకోవడమే గతి. బల్ల వేసిన రోజే టీచరు ప్రెసిడెంటుకి ఫోన్ చేసి, మిగతావి ఏమైనా చేసుకోండి, మా అత్తగారి మందులు మాత్రం జాగ్రత్త అని చెప్పింది.

"మందుల సంగతి నాకు వదిలెయ్యండి టీచరు గారూ. ప్రత్యేకంగా చూసుకుంటాను," అన్నాడాయన.

ఆ మాట నమ్మి ఆమె గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంది.

మొదటి సీసా వచ్చాక అత్తగారి షుగరు దిగడం మానేసింది. సూది వేస్తున్నా ఎక్కుతూనే ఉంది. టీచరు అనుమానం నేరుగా అత్తగారి మీదికే పోయింది, పోవడానికి కారణమూ ఉంది. పోయిన ఏడాది ఆవిడ దిండు గలీబులో బిస్కెట్లు దొరికాయి. ఈసారి దిండు కింద, పరుపు కింద, చీరల మడతల్లో, చివరికి కళ్ళజోడు పెట్టెలో కూడా వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా ఆమె కంటికి ముదిరిన దొంగతనంలాగే కనిపించింది.

"నేనేమీ తినలేదే," అంది అత్తగారు.

"తినకపోతే గాల్లోంచి వస్తుందా షుగరు? రేపు మీకేమన్నా అయితే మీ అబ్బాయికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

అని ఊరుకోలేదు. చక్కెర డబ్బా, బిస్కెట్లు, చాక్లెట్లు అన్నీ వంటింటి అల్మరాలో పడేసి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి కంచంలో సగం అన్నం వదిలేసేది. అడిగితే ఆకలి లేదనేది. అలిగితే అలగనీ, నేనేం భయపడతానా అనుకుంది టీచరు. ఆవిడ జోకులు కూడా మానేసింది. ఆ సంగతి టీచరు చాలా ఆలస్యంగా గమనించింది.

రెండో సీసా వచ్చింది. అదీ అంతే. అత్తగారికి దాహం ఎక్కువైంది, మగతగా పడి ఉంటోంది, ఒకసారి వాంతి కూడా చేసుకుంది. డాక్టరు ఫోన్లోనే విని, ఆ సీసా పనిచేస్తున్నట్టు లేదు, వెంటనే కొత్తది తెప్పించి వెయ్యండి, దానికీ దిగకపోతే ఆస్పత్రికి తీసుకురావాలి, కానీ ఇక్కడ వరండాలో కూడా చోటు లేదు, తెచ్చాక మీరు దగ్గరుండడానికి ఒప్పుకోరు అని చెప్పాడు. ఆవిణ్ణి ఒక్కదాన్నీ అలా పంపితే మళ్ళీ చూస్తామో లేదో తెలియని రోజులవి.

టీచరు కోపం ఇప్పుడు మందుల కంపెనీ మీదికి మళ్ళింది. అవతల ఫోన్లో తేనె పూసుకున్న గొంతుతో మాట్లాడుతున్న అమ్మాయిని దుమ్మెత్తిపోసింది. నకిలీ మందులు అమ్ముకుని మనుషుల్ని చంపుతున్నారంది. మందు తెచ్చే మనిషి, ఎప్పుడూ ఎర్ర హెల్మెట్ పెట్టుకొచ్చేవాడు, దాన్ని ఎక్కడో ఎండలో తిప్పి తెస్తున్నాడని అతని మీద కూడా ఫిర్యాదు పెట్టింది. వాడి పొట్ట కొట్టైనా సరే ఈసారి మంచి సీసా రావాలనుకుంది.

మూడో సీసా వచ్చిన మధ్యాహ్నం ఫోను మోగింది. ఫిర్యాదు వచ్చింది కనుక గేటు దగ్గరికి రాగానే కస్టమరుకి ఫోన్ చేసి, ఐసు కరగలేదని చూపించమని కంపెనీవాళ్ళు చెప్పారట.

"మేడం, ఒక్కసారి బాల్కనీలోకి వచ్చి చూడండి. ఐసు గట్టిగానే ఉంది," అంది ఎర్ర హెల్మెట్ గొంతు.

ఆమె వచ్చి చూసింది. అతను తెల్లటి డబ్బా మూత తీసి పైకెత్తి చూపించాడు. ఐసు పొట్లాల మధ్య చిన్న సీసా. హమ్మయ్య అనుకునేలోపే వాచ్‌మన్ డబ్బా అందుకున్నాడు. ఐసు పొట్లాలు తీసి చెత్తబుట్టలో పడేశాడు. సీసాని బట్టతో తుడిచి బల్ల మీద నడిమధ్యన, నీడ పడని చోట పెట్టాడు. పక్కనే ప్రెసిడెంటు చేతులు వెనక్కి కట్టుకుని పర్యవేక్షిస్తున్నాడు. డెలివరీ మనిషి గేటు ఊచలు పట్టుకుని ఏదో బతిమాలుతున్నాడు. ప్రెసిడెంటు చేత్తో పొమ్మంటున్నాడు.

టీచరు మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. కాళ్ళకి చెప్పుల్లేవు, మూతికి మాస్కు లేదు. ముందు సీసా లాక్కుని, చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఐసు పొట్లం తీసి దానికి చుట్టింది.

"అది నేను ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను మేడం. ఎండ తగిలితే పనికిరాదని. నా మాట వినరు," అన్నాడు గేటు అవతలి మనిషి.

ప్రెసిడెంటు నొచ్చుకున్నాడు. "మీకిచ్చిన మాట మరిచిపోలేదు టీచరు గారూ. మందుల దుకాణానికి వెళ్ళేదెవరు, రోగులే కదా. అందుకే మందుల్ని అన్నిటికంటే ఎక్కువసేపు ఎండలో పెట్టిస్తున్నాను. ప్రత్యేకంగా చూసుకోవడమంటే అదే మరి. ముందు మీరు కాస్త దూరం జరగండి, మాస్కు లేదు."

ఈ మనిషి తన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. అక్కడ అత్తగారు పెదాలు ఎండిపోయి పడి ఉంది.

"మీరు ఆ బల్ల మీద కూర్చోండి," అంది టీచరు. గొంతు పెద్దది చెయ్యలేదు, క్లాసులో వెనక బెంచీ పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడింది. "పొద్దు వాలేదాకా కూర్చోండి. తర్వాత వాచ్‌మన్ మిమ్మల్ని మోసుకొచ్చి మీ గుమ్మంలో పెడతాడు. అప్పుడు మీరు దేనికైనా పనికొస్తారేమో చూద్దాం."

"టీచరు గారూ, రూలనేది అందరికీ..."

ఆమె బల్ల అంచు పట్టుకుని ఎత్తి అవతలికి తోసేసింది. చప్పుడుకి బాల్కనీలన్నిట్లోకీ తలలు వచ్చాయి. ఎవరివో ఉల్లిపాయలు గేటు దాకా దొర్లుకుంటూ పోయాయి. బల్ల కాలు ఒకటి వంగింది. ప్రెసిడెంటు తన మాస్కు సరిచేసుకున్నాడు, అంతే.

ఆమె గేటు వైపు తిరిగింది. "మీ మీద ఫిర్యాదు పెట్టింది నేనే," అని చెప్పింది.

"తెలుసు మేడం. ముందు దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టండి," అన్నాడతను. క్షమించానని అనలేదు, అనాల్సిన పనీ లేదు.

సూది వేసి మంచం పక్కన కూర్చుంది. డాక్టరు చెప్పినట్టు మధ్యమధ్య వేలు గుచ్చి చూస్తూనే ఉంది. మొదట షుగరు కదల్లేదు. తర్వాత కొంచెం దిగింది, సాయంత్రానికి బాగా దిగింది. ఈలోగా గ్రూపులో ప్రెసిడెంటు సందేశం వచ్చింది. ఇకపై మందులకు ఎండ మినహాయింపు. అందరి సహకారానికి ధన్యవాదాలు. బల్ల పడదోసినవారు దాని కాలు బాగు చేయించవలెను. కింద వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టారు జనం. పడిపోయిన తమ ఉల్లిపాయల గురించి తప్ప ఒక్కరూ మీ అత్తగారికి ఎలా ఉందని అడగలేదు. టీచరు ఫోన్ మంచం మీద విసిరేసింది.

ఆ కుదుపుకి అత్తగారు కళ్ళు తెరిచింది. మంచినీళ్ళు తాగింది. కోడలి చేతిలోని షుగరు చూసే మిషను వైపు చూసింది.

"దిగిందా?"

"దిగింది అత్తయ్యా. మందు పాడైపోయిందట. ఆ బల్ల మీద పెట్టి పాడుచేశారు."

"అయితే నేను తినలేదనే కదా," అంది అత్తగారు.

టీచరు అల్మరా తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని తిరిగి కోడలి ఒళ్ళోకి జార్చింది.

"ఇది నేనేం చేసుకోను. కాస్త అన్నం పెట్టవే. అన్నం కూడా మానేస్తేనైనా నువ్వు నమ్ముతావేమో అనుకున్నాను," అంది.