మారు వడ్డన

కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఆ ఇంటికి ఇరాక్ సైనికులు మధ్యాహ్నం వచ్చారు. నలుగురు. ఒంటి మీద చొక్కాలు వదులుగా వేలాడుతున్నాయి. జాసిమ్ ఎక్కడని అడిగారు. నా కొడుకు ఇంట్లో లేడంది ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆమె. వంటగది గుమ్మంలో నిలబడ్డ పనిమనిషి సంజీవమ్మకు మాత్రం తెలుసు, అతను మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక ఉన్నాడని. మూడు వారాలుగా అతనికి అన్నం మోస్తున్నది ఆమే.

ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. కడప దగ్గర మిషన్ బడిలో పంతులు. జూలైలో పోయాడు. ఆ ఉత్తరం చేతికందిన వారానికే ఇరాక్ ఈ దేశం మీద పడింది. ఆమె వెళ్లలేకపోయింది.

ప్రతి ఫిబ్రవరిలో ఆయన స్ముర్న బిషప్పు పోలికార్పు కథ చెప్పేవాడు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు ఆ ముసలాయన ముందు అన్నం పెట్టించాడు. ప్రార్థనకు ఒక గంట గడువు అడిగాడు. ఎనభై ఆరేళ్లు కొలిచిన ప్రభువును కాదననని చెప్పి మంటలకు ఒళ్లప్పగించాడు. పద్దెనిమిది వందల ఏళ్లయినా ఆయన పేరు చెప్పుకుంటూనే ఉన్నారు.

"ఆయన యాడుండాడో ఎవరు చెప్పినారు నాయనా?" అని చిన్నప్పుడు సంజీవమ్మ అడిగేది.

"ఇంట్లో పనివాడే. కొడితే చెప్పినాడు."

"వాని పేరేంది?"

"ఎవరూ రాసిపెట్టలేదమ్మా."

సంజీవమ్మ పెద్ద పళ్లెంలో అన్నం తెచ్చి సైనికుల ముందు పెట్టింది. "ముందు తినండి," అంది తనకొచ్చిన అరబీలో. వాళ్లు తుపాకులు గోడకు ఆనించి కూర్చున్నారు.

రాయచోటి నుంచి వచ్చిన వంటమనిషి హుస్సేన్ బీ పళ్లు నూరింది. "ఏమక్కా, తిక్క పట్టిందా? మనకే బియ్యం లేకుంటే ఈళ్లకు పెండ్లిభోజనమా!"

"మెల్లగా మాట్లాడు. బట్టలు ఆరేసేదానిమాదిరి మిద్దె మీదికి పో. బకెట్లో నీ పాత అబాయా ఏస్కో. అది కప్పి, ఆడమనిషిమాదిరి ఆయప్పను పక్కింటికి దాటించు."

హుస్సేన్ బీ ఒక్క క్షణం ఆమెను చూసింది. "ఉతకని గుడ్డలు ఆరేసేది ఈ పొద్దే సూస్తాండా," అని గొణిగి బకెట్ ఎత్తుకుంది.

సంజీవమ్మ ఊళ్లో ఒక్కసారి వడ్డించి ఊరుకోరు. మారు పెట్టందే ఎవరినీ లేవనివ్వరు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వద్దన్నా వినకుండా గరిటె వంచింది. "మా అమ్మా ఇంతే," అని నవ్వాడు అందరిలోకి చిన్నవాడు.

పెద్దవాడు నవ్వలేదు. చేయి కడుక్కుని తుపాకి అందుకున్నాడు.

"అన్నం పెట్టావు. ఇప్పుడు నిజం చెప్పు. వాడెక్కడ?"

తుపాకి మడమ భుజం మీద పడింది. మళ్లీ పడింది. ఆమె నోరు తెరుచుకుంది. మాట నాలుక చివరికి వచ్చింది.

అప్పుడు వెనక తలుపు చప్పుడైంది. ఖాళీ బకెట్‌తో హుస్సేన్ బీ.

"ఖలాస్ అక్కా. ఆరేసొస్తి."

సైనికులు మిద్దెతో సహా ఇల్లంతా వెతికి, వెళ్లిపోయారు. మామా సంజీవమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు చెప్పలేదు, నువ్వు చెప్పలేదు," అంది. సంజీవమ్మ తల వంచుకుంది. ఇంకొక్క దెబ్బ పడితే చెప్పేదే. అది ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం ఆమె మోకరించి, తండ్రిలాగే పోలికార్పును తలచుకుని స్తోత్రం చెప్పింది. తరువాత తండ్రి ఎన్నడూ అడగనిది అడిగింది. ఆ పనివాని మీద తప్పు పట్టవద్దు ప్రభువా, వానికి బకెట్‌తో వచ్చేవాళ్లు ఎవరూ లేకపోయారు.