మామయ్య సెట్టింగులు, అమ్మమ్మ సోఫా

పిడుగుకి ఆ పేరు పెట్టింది సొంత మేనమామే. ఉద్యోగం కూడా ఆయన కంపెనీలోనే కాబట్టి ఆఫీసంతా అదే పేరు ఖాయమైపోయింది. వాళ్లు చేసేది కంప్యూటర్ ఆటలు. అందులో జనం ఎగబడి కొన్నది లిఫ్టులు రిపేరు చేసే ఆట. చెబితే చప్పగా ఉంటుంది గానీ, లోపల ఇరుక్కున్నవాళ్ల తిట్లు వింటూ పైన వైర్లు కలుపుతుంటే ఎంతటి నెమ్మదస్తుడికైనా పూనకం వచ్చేస్తుంది.

పిడుగు ఏడాదిగా ఒకటే పాట పాడుతోంది. టీవీ కింద పెట్టుకునే పెట్టె ఒకటి మనమే చేద్దాం, మీట నొక్కగానే ఆట మొదలవ్వాలి, ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని ఆడుకోవాలి అని. మామయ్య ఒకటే పాట తిప్పికొడుతున్నాడు.

"వంట వచ్చు కదా అని పొయ్యి కూడా మనమే చేస్తామా చెప్పు?"

"మన కూర తినాలంటే జనం ముందు పొయ్యి బిగించుకోవాల్సి వస్తోంది మామయ్యా. ఆకలి చచ్చిపోతోంది వాళ్లకి."

"బిగించుకోవడంలోనే ఉంది మజా అంతా. నీకు తెలీదు."

ఆయన మజా ఏమిటో అందరికీ తెలుసు. సెట్టింగులు. నీడ ఎంత నల్లగా ఉండాలి, అద్దం ఎంత మెరవాలి, లిఫ్టు గోడకి ఎంత తుప్పుండాలి, అన్నిటికీ ఆయన స్వయంగా తెర మీద ఒక్కో మీట తయారుచేసి పెట్టాడు. సెట్టింగులు లేని ఆట ఉప్పు లేని పప్పని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకి కాళ్లు మూడే, ఆ మూడు కాళ్లకీ మూడు సెట్టింగులు.

చివరికి, పిడుగు ఏడాదిగా తన బల్ల మీద కూర్చిన నమూనా పెట్టె గురించి ఒప్పందం కుదిరింది. ఆ కంపెనీలో ఏ కొత్త వస్తువైనా సోఫా పరీక్ష దాటాలి. మామయ్య ఇంటి హాల్లో పెడతారు, ఇంట్లోవాళ్లు ఆడతారు, చేసినవాళ్లు మాత్రం మూల కుర్చీలో నోటికి తాళం వేసుకుని కూర్చోవాలి. "కొన్న ప్రతివాడి ఇంటికీ వెళ్లి చెవిలో చెబుతావా ఏంటి" అన్నది మామయ్య సూత్రం. నెగ్గితే పెట్టె తయారీ మొదలు. ఓడితే పెట్టెని విప్పి ముక్కలన్నీ స్టోరు రూములో పడేసి, పిడుగు మళ్లీ పాత ఆటల్లో తప్పులు ఏరుకుంటూ కూర్చోవాలి.

ఆదివారం పొద్దున పెట్టెని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. పెట్టె వేడెక్కకుండా లోపలి ఫ్యాన్ పనంతా చేసిన ఫ్యాన్ బాబాయి కూడా వచ్చాడు. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. సోఫాలో అమ్మమ్మ, అత్తయ్య సిద్ధంగా ఉన్నారు. మామయ్య గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని, పెళ్లి చెడగొట్టడానికి వచ్చిన దూరపు చుట్టంలా నవ్వుతున్నాడు.

అత్తయ్య మీట నొక్కింది. పెట్టె సన్నగా మూలిగింది, టీవీ వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

'కొనసాగడానికి కీబోర్డులో ఏదైనా ఒక మీట నొక్కండి.'

పిడుగు గుండె జారి చెప్పుల్లో పడింది. ఆఫీసులో దాని బల్ల మీద కీబోర్డు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. చెయ్యి దానంతటదే ఏదో ఒక మీట తట్టేసేది, ఆట వచ్చేసేది. ఏడాది పాటు రోజూ చూసిన తెరని అది ఒక్కసారి కూడా చదవలేదు. బాబాయీ చదవలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కంప్యూటర్ల మధ్యే బతికినవాళ్లకి, కీబోర్డు లేని హాలు ఒకటి ఉంటుందని కలలోనైనా తట్టదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మాట్లాడ్డానికి లేదు.

"కీబోర్డేదమ్మాయ్?" అంది అమ్మమ్మ.

"ఇదేనేమో అత్తయ్యా" అంటూ ఆటకిచ్చిన గేమ్‌ప్యాడ్ చేతికిచ్చింది అత్తయ్య. అమ్మమ్మ ఉన్న మీటలన్నీ నొక్కింది. తెర ఉలకలేదు, పలకలేదు. టీవీ రిమోట్ నొక్కారు, వార్తలొచ్చాయి. ఏసీ రిమోట్ నొక్కారు, చలేసింది. అమ్మమ్మ శాలువా కప్పుకుని కాలింగ్ బెల్ కూడా నొక్కి రమ్మంది. అత్తయ్య నిజంగానే వెళ్లి నొక్కొచ్చింది.

"ఎవరో వచ్చారు చూడు" అంది అమ్మమ్మ.

"నేనే అత్తయ్యా."

ఇక మామయ్య వల్ల కాలేదు. పరీక్ష అక్కడితో ఆపేసి ఉంటే పిడుగు పని అయిపోయేదే. కానీ సెట్టింగుల మనిషికి తెర ముందు చేతులు కట్టుకుని నిలబడటం, పిల్లికి పాలు చూపించి ఏకాదశి అనడం లాంటిది. గదిలోకి పరిగెత్తి కీబోర్డు, మౌసు తెచ్చి పెట్టెకి తగిలించాడు. ఆట తెరుచుకుంది. తెరుచుకున్నదాన్ని ఆడనిచ్చాడా? తిన్నగా సెట్టింగుల్లోకి దూరాడు. టీవీకి జానెడు దూరంలో నేల మీద బాసింపట్టు వేసుకుని, మౌసు కింద అత్తయ్య పత్రిక పరుచుకుని, నీడల మీట సవరించడం మొదలెట్టాడు.

టీలు వచ్చాయి, తాగారు, కప్పులు వెళ్లాయి. సోఫాలోవాళ్లకి కనిపిస్తున్నది మామయ్య వీపొక్కటే.

"ఏవండీ, ఇంకా ఎంతసేపు?"

"ఆగవే, తుప్పు కొంచెం ఎక్కువైంది."

"ఒరేయ్, పాతికేళ్లుగా గదిలో కూర్చుని నాకు వీపు చూపిస్తున్నావు" అంది అమ్మమ్మ. "ఇప్పుడు హాల్లోకి వచ్చి చూపిస్తున్నావు. అదేనా దీని గొప్ప?"

మామయ్య చెయ్యి మౌసు మీద ఆగింది.

అత్తయ్య లేచింది. వంగి కీబోర్డు వైరు పీకేసి, మౌసు వైరు పీకేసి, రెండూ తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టొచ్చింది. "ఇది అమ్ముతారో మానతారో మీ ఇష్టం. నాకైతే ఆ వైర్లు దూర్చే చిల్లే ఉండకూడదు. సెట్టింగులూ ఉండకూడదు."

"ఒక్కటి? వెలుగు తగ్గించుకోవడానికి?"

"కర్టెన్ ఉంది."

"సౌండుకి?"

"టీవీకి ఉంది."

"పోనీ నీడలు..."

"ఎండలో నిలబడ్డవాడికి కావాలి గానీ, లిఫ్టులో ఇరుక్కున్నవాడికి నీడెందుకురా" అంది అమ్మమ్మ, గేమ్‌ప్యాడ్ ఒళ్లోకి లాక్కుంటూ.

ఆట మొదలైంది. అమ్మమ్మ లిఫ్టు మూడో అంతస్తు దాకా ఎక్కించి, లోపల తిడుతున్న ఆసామిని తిరిగి రెండు తిట్టి, కిందికి వదిలేసింది. అత్తయ్య ఐదో అంతస్తు దాటించింది. ఇద్దరూ ఒకళ్ల భుజం ఒకళ్లు చరుచుకుంటూ నవ్వుతుంటే మామయ్యకి మీసం దురద పెట్టింది.

"ఇటివ్వండి. చేసినవాణ్ని, నాకు తెలీదా."

పిడుగుకి అప్పుడే అర్థమైంది, మామయ్య ఈ ఆటని సవరించడమే గానీ ఆడటం తాను ఎన్నడూ చూడలేదని. ఆయన ఎర్ర వైరు తీసుకెళ్లి పచ్చ వైరుకి కలిపాడు. లిఫ్టు కదలకుండానే తలుపులు ఊడి పడ్డాయి. లోపలున్న ఆసామి నడుచుకుంటూ బయటికి వచ్చి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఫ్యాన్ బాబాయి దగ్గినట్టు నటించాడు.

"నీడలు సరిగ్గా లేవు" అన్నాడు మామయ్య. "లేకపోతేనా."

"అవునవును" అంది అత్తయ్య.

ఆయన మళ్లీ ఆడాడు, మళ్లీ తలుపులు ఊడాయి. మూడోసారి లిఫ్టు గ్రౌండు ఫ్లోరు దాటి మొదటి అంతస్తుకి చేరింది. ఆయన నేల మీంచి లేచి, సోఫాలో తల్లికీ పెళ్లానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

పిడుగు ఇక ఉండబట్టలేక మూల కుర్చీ వదిలి వచ్చి సోఫా చేతి మీద కూర్చుంది. "మామయ్యా, పెట్టె చేస్తున్నామా మరి?"

"చేస్తున్నాంలేవే" అన్నాడు ఆయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "కొంచెం జరుగు. అమ్మా, ఇంక చాలు, ఈసారి వంతు నాది."