పల్చటి ట్యూబు

తాటిపాక సెంటర్లో నూకయ్య సైకిల్ షాపు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. అతని చేత పంక్చరు వేయించుకోనివాడు ఆ చుట్టుపక్కల లేడు, వేయించుకుంటూ చీవాట్లు తిననివాడూ లేడు. "ఇదేం తొక్కుడండీ, మేకుల్ని వెతుక్కుంటూ వెళ్తున్నారా?" అని మొదలుపెడితే గాలి కొట్టేదాకా ఆపడు. అలాంటి మనిషి ఒక్క లిడియాని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు.

లిడియా షాపు ఎదురింటి నాగమణి టీచరు గారమ్మాయి. ఇంటర్ చదువుతూ రేసు సైకిలు తొక్కుతోంది. కాకినాడలో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ ఇంకో ఎనిమిది రోజులుందనగా, రెండు రకాల ట్యూబులు జతలుగా తెప్పించి నూకయ్య ముందు పెట్టింది. ఒకటి నల్లది, మామూలు రబ్బరుది. ఇంకోటి గులాబీ రంగుది, రబ్బరు చెట్టు పాలతో చేసింది, అరచెయ్యి ఆనవాలు కనపడేంత పల్చన.

"ఏది వెయ్యమంటారండీ బాబాయ్ గారూ? ట్యూబు తేలిగ్గా ఉంటే చక్రం తొందరగా వేగం అందుకుంటుందంటండీ."

నూకయ్య రెండిట్లో ఒక్కోటి పట్టుకుని పక్కనున్న బంగారం కొట్టుకెళ్ళి త్రాసులో పెట్టించాడు. నల్లది నూరు గ్రాములు తూగింది, గులాబీది డెబ్భై. ఇంకేం, తేలికదే వేద్దామని విజయగర్వంతో తిరిగొచ్చాడు. ఆ ట్యూబు డబ్బాలో ఉన్న కాగితాన్ని లిడియా విప్పి చదవబోతుంటే లాక్కుని సొరుగులో పడేశాడు.

"నా చెయ్యి పడ్డాక కాగితాలెందుకమ్మా? నువ్వు కాలేజీకెళ్ళు, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు."

ట్యూబులో ఒక్క ఊపిరంత గాలి నింపి, మెలి పడకుండా టైరులో పరిచాడు. అంతా బాగానే వచ్చింది గానీ చివరి జానెడు టైరు రిమ్ములోకి దిగనంది. టైరు ఎక్కించే ఇనప లివరు పెడితే ట్యూబు చీరుకుంటుంది. ఇంకెవరిదైనా అయితే సబ్బునీళ్ళు రాసేవాడు. ఇది లిడియాది, రాష్ట్ర జట్టుకెళ్ళబోయే సైకిలు. దీనికి సబ్బునీళ్ళేమిటి నామోషీగా అనుకుని, ఇంటికెళ్ళి, సొంత చెట్ల కాయలు ఎండబెట్టి ఆడించిన కొబ్బరినూనె గిన్నెతో తెచ్చాడు. టైరు అంచంతా రాశాడు. ట్యూబుకీ పట్టించాడు, పిల్ల తలకి రాసినంత ప్రేమగా. టైరు ఠపీమని దిగింది. వెనక చక్రానికీ అదే మర్యాద చేశాడు.

పోటీ రోజున, రెండో మలుపులో ముందు ట్యూబు పేలింది. లిడియా ఎగిరి పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది, ఎంపిక చెయ్యి జారిపోయింది.

రెండు రోజుల తర్వాత తల్లీకూతుళ్ళు సైకిలుతో షాపుకి వచ్చారు. లిడియా చెయ్యి మెడకి కట్టి ఉంది.

"నాదే తప్పండీ బాబాయ్ గారూ. పొద్దున్న గాలి ఎక్కువ కొట్టేసేను," అంది తలొంచుకుని.

"గాలెంత కొట్టాలో తెలీని పిల్లకి రేసులెందుకండీ? ఇక చాలు," అంది నాగమణి టీచరు. "ఈ సైకిల్ని ఎవరికైనా అమ్మించెయ్యండి నూకయ్య గారూ."

"ఆయ్," అన్నాడు నూకయ్య.

వాళ్ళు వెళ్ళాక టైరు విప్పాడు. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ట్యూబు జిగటగా వేళ్ళకి అంటుకుంది. పేలిన చోటే కాదు, పట్టుకున్న చోటల్లా సాగి తెగిపోతోంది. సొరుగులోని కాగితం తీశాడు. అక్షరాలు ఇంగ్లీషువి, కానీ కింద బొమ్మ ఉంది. నూనె సీసా, దాని మీద ఎర్రటి ఇంటూ మార్కు. దాన్ని అర్థం చేసుకోడానికి ఏ చదువూ అక్కర్లేదు.

ఆ సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ముప్పై ఏళ్ళ పేరు మట్టిలో కలుస్తుందని భయపడ్డాడు. నేను చెప్పినంత మాత్రాన పోటీ మళ్ళీ పెడతారా, ఎముక ఎలాగూ అతుక్కుంటుంది కదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. సాకులకేం, ఎన్నయినా దొరుకుతాయి. అన్నం మాత్రం సయించలేదు. భార్య కొబ్బరి పచ్చడి వడ్డిస్తే పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. ఇంతలో రాజోలు నుంచి ఎవరో వచ్చి సైకిలు నచ్చిందన్నారు, ఆదివారం మధ్యాహ్నం పట్టుకెళతామన్నారు.

ఆదివారం పొద్దున్నే, తల్లీకూతుళ్ళు చర్చికి బయల్దేరకముందే, నూకయ్య సైకిలు నడిపించుకుంటూ టీచరు గారి వాకిట్లోకి వెళ్ళాడు.

"టీచరు గారండీ, అమ్మాయి తప్పు లేదండీ. గాలెక్కువై పేలలేదండీ అది. నేను కొబ్బరినూనె రాసేనండీ. ఆ రబ్బరుకి నూనె తగలకూడదంట. కాగితంలో ఉందండీ, నేనే చూడలేదు. ఆ సంగతి తెలిసి కూడా అయిదు రోజులు నోరు మూసుకున్నానండీ."

నాగమణి టీచరు కూతురి వంక చూసింది.

"నూనె రాసినందుకు కాదండీ నా బాధ, అది మీకు తెలీదు కదా," అంది లిడియా. "కళ్ళు మూసుకుంటే ఆ మలుపే కనపడతందండీ నాకు. ఇంకో రెండు పంపులు తక్కువ కొడితే సరిపోయేదని అయిదు రోజులూ ఏడ్చేనండీ. మీ షాపుకి ఎదురిల్లే కదండీ మాది."

నూకయ్యకి చీవాట్లు పెట్టడమే అలవాటు, తినడం అలవాటు లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"సైకిలు అమ్మొద్దులెండి," అంది టీచరు.

ఆ మాటకి ప్రాణం లేచొచ్చి, నూకయ్య గబగబా కింద కూర్చుని ముందు చక్రం ఊడదీశాడు. జేబులోంచి కొత్త ట్యూబు తీశాడు.

"వద్దండీ," అంది లిడియా. "నేనే వేసుకుంటాను. ఎలాగో నోటితో చెప్పండి చాలు."

చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒంటి చేత్తో ట్యూబు సర్దడం మొదలుపెట్టింది. ఒకవైపు పెడితే ఇంకోవైపు ఊడొస్తోంది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. నూకయ్య చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

"ముట్టుకోకండి," అంది, తలెత్తకుండానే.

నూకయ్య చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "కుడిపక్క మెలి పడిందమ్మా," అన్నాడు మెల్లిగా. ఆమె సరిచేసుకుంది.