పిడుదుల గొంతు

తెల్లారగానే ఆ ఇంటి అత్తగారు గొర్రెల దొడ్లో పీట వేసుక్కూర్చుని పిడుదులు ఏరేది. పూటకో డబ్బాడు. ఆమె వేళ్ల చప్పుడు వింటేనే సగం పిడుదులు హడలి వాటంతటవే రాలిపోయేవి. ఏరిన ప్రతి పిడుదూ కిరసనాయిలు డబ్బాలో పడబోతూ ఒకే ఒక్క అరుపు అరిచేది, అంతకుముందు ఎవరి నెత్తురు తాగిందో వాళ్ల గొంతుతో. పిడుదన్నాక అరవక ఊరుకుంటుందా?

ఏ అరుపు ఏ గొర్రెదో పోల్చగలిగేది ఆమె ఒక్కతే.

ఆ ఏడు మూడు గొర్రెపిల్లలు జ్వరంతో పోయాయి.

"దీని మీద ఏరిన పిడుదుది ఎవరి గొంతత్తయ్యా?" అడిగింది కోడలు, మూడోదాన్ని ఒళ్లో పెట్టుకుని.

"గాలికి సరిగ్గా వినపళ్ళేదే."

"మూడుసార్లూ గాలేనా? ఆకు కదిలితే ఒట్టు!"

అది బొల్లిచెవిదాని గొంతు. కిందటేడు అదే జ్వరంతో పడిపోతే, పద్దెనిమిది రోజులు రెప్ప వాల్చకుండా గంజి పట్టి అత్తగారు లేపిన గొర్రె. "జబ్బునే గెలిచింది, దీన్ని మించిన దాది ఎక్కడ దొరుకుతుంది?" అని తల్లిలేని పిల్లల్ని దానికి అంటగట్టిందీ ఆమే. పైకి నిగనిగలాడుతున్నా జబ్బు దాని నెత్తుట్లోనే దాక్కుంది. ఆ నెత్తురు తాగిన పిడుదు గడ్డిలో రాలి, కుబుసం విడిచి, మళ్లీ ఆకలేసి పక్కనున్న పిల్లనెక్కేది.

నాలుగో పిల్ల చెవులు కాలిపోతున్న రోజున ఆమె నోరు విప్పింది.

"కసాయికి కబురంపుతానమ్మా," అన్నాడు కొడుకు తలొంచుకుని.

"నా చేత్తో లేపినదాన్ని కత్తికిస్తానా? కాలవ అవతల రాళ్ల షెడ్డుంది. గడ్డిపోచ మొలవదక్కడ. తోలుకుపోతా."

"ఒంటరి గొర్రె బెంగతోనే చస్తుంది."

"అందుకే నేనూ పోతున్నా."

"మరి బుజ్జిగాడో?" అంది కోడలు. నానమ్మ పక్కలో తప్ప కన్నుమూయని మూడేళ్ల మనవడు అప్పటికే ఆమె కొంగు పట్టుకున్నాడు.

ఆమె ఒక్కో వేలూ విడదీసి కొంగు లాక్కుంది. "పిడుదుకి ఏ పిల్లయినా ఒకటే. నా బట్టల్లో దూరి వచ్చిందంటే? వాణ్ని అటు రానివ్వకు."

దొడ్లో చావులు ఆగిపోయాయి. కోడలు రోజూ కాలవగట్టు మీద అన్నం గిన్నె పెట్టి, వెనక్కి జరిగి, అత్తగారు తీసుకునేదాకా నిలబడేది.

చలి ముదిరిన ఒక పొద్దున అత్తగారు బొల్లిచెవిదాని మెడ కింద నుంచి ఒక పిడుదుని లాగింది. అది గొర్రెలా అరవలేదు.

"బుజ్జిగా, పడుకున్నావురా?" అంది, అచ్చం ఆమె గొంతుతో.

గొర్రె నెమరు ఆపి తలెత్తింది. ఆమె ఆ పిడుదుని డబ్బాలో వెయ్యకుండా, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఇంకోసారి అంటుందేమోనని చాలాసేపు చూసింది.