డూప్లిసిటీకి ఒక వాక్యం

సోయా మొలకల తోకలు తుంచుతోంది గ్యోంగ్‌రాన్. తోకలుంటే అత్తగారు సూప్ ముట్టదు, పళ్ళసందున ఇరుక్కుంటాయంటుంది. బల్లమీద గిన్నె పక్కనే లాప్‌టాప్ తెరిచి ఉంది.

"ఏమోయ్, డూప్లిసిటీకి వాక్యం అయిందా? సాయంత్రం ఎడిటర్ అమ్మాయి వస్తుంది" గదిలోంచి కేకేశాడు భర్త తేసిక్.

"రాశానండీ. 'ఊరందరికీ మంచివాడైన అతని డూప్లిసిటీ భార్యకి మాత్రమే తెలుసు' అని."

"పిల్లల పుస్తకంలో భార్యలెందుకోయ్? గూఢచారి అని పెట్టు."

చెయ్యి తుడుచుకుని వాక్యం మొత్తం చెరిపేసింది. గూఢచారిని మాత్రం పెట్టలేదు. మళ్ళీ మొలకల దగ్గర కూర్చుంది.

తేజోన్ నగరంలో కాలేజీ ప్రవేశపరీక్షకి చదివే పిల్లల్లో తేసిక్ మాస్టారి ఇంగ్లిష్ పదాల పుస్తకం లేనివాళ్ళు తక్కువ. అట్టమీద చేతులు కట్టుకున్న ఫొటో ఆయనది. ఒక్కో మాటకి అర్థం విప్పి, వాక్యంలో వాడి చూపించడం మాత్రం ఈమె పని. ఒకప్పుడు ఆమే బళ్ళో ఇంగ్లిష్ టీచరు. అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు "ఆర్నెల్లు సెలవు పెట్టు, అమ్మ లేచాక వెళ్దువుగాని" అన్నాడు. అత్తగారు లేచి తిరగబట్టి పదేళ్ళయింది. "ఇంట్లో ఖాళీయేగా, కాస్త సాయం చెయ్యి" అని మొదటి పుస్తకం చేతిలో పెట్టాడు. ఇది ఎనిమిదోది. ప్రతి ముందుమాటలోనూ 'నా శ్రీమతి ఓర్పుకు కృతజ్ఞతలు' అని ఉంటుంది. దాన్ని టైపు చేసేదీ తనే. మొదట్లో ఆ ముక్క దగ్గర కోపం వచ్చేది. ఇప్పుడేమీ అనిపించదు. మత్తుసూది వేసిన చిగుళ్ళని నాలుకతో తడిమినట్టు, అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది, అంతే.

సాయంత్రం ఎడిటర్ బోరమ్ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. గ్యోంగ్‌రాన్ బార్లీ టీ పెట్టి, పెర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తూ ఓ పక్కన కూర్చుంది.

"మాస్టారూ, నేనూ మీ పుస్తకమే చదువుకున్నాను. తడిసిన సాక్సులు, మాడిన అన్నం, బామ్మ కట్టుడు పళ్ళు... ఈ వాక్యాలన్నీ మీకెలా తడతాయండీ?"

"బస్సులో వస్తుంటే తడతాయమ్మా" అన్నాడు తేసిక్, మొహమాటంగా నవ్వుతూ.

"చిన్నప్పట్నుంచీ వాడి బుర్ర అంతే" అంది అత్తగారు. "మా కోడలిదీ అదృష్టమే. హాయిగా నీడపట్టున ఉంటుంది."

బోరమ్ కాగితాలు తిప్పింది. "డూప్లిసిటీ దగ్గర ఖాళీగా ఉంది మాస్టారూ. పిల్లలు అడుగుతుంటారు, మామూలు మోసానికీ దీనికీ తేడా ఏమిటని."

తేసిక్ కప్పు ఎత్తాడు, దించాడు. "తేడా అంటే... అదీ మోసమేననుకో. ఏమోయ్, టీ చల్లారిపోయింది, ఇంకాస్త పట్రా."

గ్యోంగ్‌రాన్ లేవలేదు. చేతిలో కత్తి చెక్కు తీస్తూనే ఉంది.

"మోసం ఒక్కసారి చేసినా మోసమే" అంది. క్లాసులో చెప్పే గొంతు అది. అది ఇంకా తనలో ఉన్నట్టు ఆమెకే తెలియదు. "దీనికి మాత్రం రెండు ముఖాలు కావాలి. ఒకటి చూపించడానికి, ఒకటి దాచడానికి. దాచిన ముఖం ఎరిగిన మనిషి నోరు మూసుకుంటే, అది ఎన్నేళ్ళయినా నడుస్తుంది."

ఆ చివరి మాట తన గురించేనని పైకి అన్నాకే తెలిసింది. సిగ్గు వేస్తుందేమోనని చూసింది. వెయ్యలేదు.

బోరమ్ కళ్ళు ఆమె మీద నిలిచిపోయాయి. అత్తగారు పండుముక్క నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది.

"ఆ... చిన్న వాక్యమేగా" గొంతు సవరించుకున్నాడు తేసిక్. "రేపు పంపిస్తాం."

"రేపు ఆయన రాసి పంపిస్తారమ్మా" అంది గ్యోంగ్‌రాన్, పళ్ళ పళ్ళెం బోరమ్ ముందుకి జరుపుతూ. "నేను మళ్ళీ రాయను."