మూడో మ్యాచ్ లేదు

పొద్దుటి నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. కెనడాలోని కనాటాలో విశ్వేశ్వరరావు గారి బేస్‌మెంటులో నలభై మంది చేరారు. గోడ మీద ప్రొజెక్టర్ వెలుగులో నా మనవరాలు భవిత. పోర్చుగల్‌లో ఒక చిన్న ఊరి హ్యాండ్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపరు. యూరప్ క్లబ్బుల కప్పులో క్వార్టర్ ఫైనల్, ఇది రెండో మ్యాచ్. పోయిన శనివారం అవతలివాళ్ళ ఊళ్ళో నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. రెండు మ్యాచ్‌ల గోల్సూ కలిపి చూస్తారు కాబట్టి ఈరోజు ఐదు తేడాతో గెలవాలి. సెమీస్‌కు చేరితేనే భవితకు వచ్చే ఏటి కాంట్రాక్టు. లేకపోతే ఇంటికే.

ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. జగిత్యాల బడిలో ముప్పై ఏళ్ళు పీఈటీగా ఈ ఆటే ఆడించినవాణ్ణి, అయినా ఒక్కడూ చెవిన పెట్టలేదు. భవిత యూనివర్సిటీ మానేసినప్పుడు "బంతి ఆపడం కూడా కెరీరేనా కొమరయ్య గారూ" అని నవ్వింది ఈ విశ్వేశ్వరరావే. ఇవాళ తెలుగు సంఘం అధ్యక్షుడి హోదాలో బ్యానర్ కట్టించాడు. దాని మీద పిల్ల ఫోటో కంటే ఆయన ఫోటోయే పెద్దది.

ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా ఐదు గోల్స్ ఆధిక్యం. నేను లేచి నిలబడ్డాను. అవతలివాళ్ళు ఒకటి వేశారు. ఆఖరి క్షణంలో ఇంకొకటి, భవిత కుడికాలి పక్కనుంచి. మూడు గోల్స్ తేడాతో గెలిచి, కప్పులోంచి బయటికి పోయారు.

బేస్‌మెంటంతా చప్పట్లు.

విశ్వేశ్వరరావు మైకు అందుకున్నాడు. "పోయినవారం వాళ్ళు, ఈవారం మనం. సిరీస్ వన్ ఆల్. వచ్చే శనివారం డిసైడర్ ఇక్కడే, బిర్యానీ నా తరఫున."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

"ఇది క్రికెట్ గాదు. మూడో మ్యాచ్ లేదు. పిల్ల ఓడిపోయింది" అన్నాను.

"గెలిచిన రోజు అపశకునం మాటలెందుకండీ, కూర్చోండి" అన్నాడు.

మా అమ్మాయి విద్య "ఇప్పుడొద్దు అంకుల్" అంటున్నా వినకుండా, ఆమె ఫోన్ లాక్కుని వీడియో కాల్ కలిపి గోడ మీద వేశాడు. ఇంత పెద్ద భవిత ముఖం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కంగ్రాట్స్ అమ్మా. వచ్చే శనివారం కూడా మేమంతా ఇక్కడే."

"అంకుల్, దేర్ ఈజ్ నో నెక్స్ట్ సాటర్డే. వియ్ ఆర్ ఔట్."

"అదెలా, గెలిచారుగా" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అప్పుడు నా మనవరాలు తన ఓటమిని ఆ నలభై మందికీ వేళ్ళు మడిచి వివరించడం మొదలుపెట్టింది. ఫస్ట్ మ్యాచ్ మైనస్ ఫోర్, టుడే ప్లస్ త్రీ. గొంతు వణకకుండా, నవ్వు మొహం పెట్టుకుని, మర్యాదగా. ఆ మర్యాద నేను చూడలేకపోయాను. ప్రొజెక్టర్ వైరు పీకేశాను. విశ్వేశ్వరరావు చేతిలోని ఫోన్ గుంజుకుని పెరట్లోకి, మంచులోకి నడిచాను.

"తాతా, డిడ్ యూ సీ ది లాస్ట్ వన్?"

అప్పటిదాకా అందరూ దానితో బాగా ఆడావనే అని ఉంటారు.

"చూసిన బిడ్డా. కుడికాలు జర లేటయింది."

అప్పుడు ఏడ్చింది.